క్రిస్మస్ గంటల పాట వెనక ఉన్న పాటల మాస్టారు: లియోంతోవిచ్, తుల్చిన్, పొదిల్లియా కోరస్‌లు

బుహ్_తీరం · డిసెంబర్ 2, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఈ విభాగంలో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నేను ఉక్రెయిన్‌లో విన్నిత్స్యా అనే ఊళ్లో ఎంబీబీఎస్ చదివాను. 2022 ఫిబ్రవరి దాకా అక్కడే ఉన్నాను. తర్వాత ఏమైందో అందరికీ తెలుసు కాబట్టి ఆ కథ వదిలేద్దాం.

డిసెంబర్ వచ్చిందంటే చాలు, ప్రతి రీల్ వెనకా అదే ట్యూన్. "కేరల్ ఆఫ్ ద బెల్స్". నిన్న ఆఫీసులో ఒకాయన "ఇది అమెరికన్ల పాట" అన్నాడు. కాదండీ, నేను చదువుకున్న ఊరికి బస్సులో వెళ్లొచ్చేంత దూరంలో ఒక పాటల మాస్టారు కూర్చిన పాట అన్నాను. నమ్మలేదు.

నాకు ఆ మాస్టారు గురించి తెలిసింది మా ఇంటి ఓనరమ్మ వల్ల. రిటైరైన టీచరు. వారానికి రెండు సాయంత్రాలు వాళ్ల కల్చర్ హౌస్‌లో కోరస్ పాడేది, ఆల్టో గొంతు, అంటే ఆడవాళ్లలో కింది స్థాయి గొంతు. ఒకరోజు బయట మంచు, కరెంటు లేదు, ఇంట్లో ఒక్కడివే ఏం చేస్తావు రమ్మని నన్నూ లాక్కుపోయింది. ఒక ఇరవై ఐదు మంది ఉంటారు. బేకరీలో పనిచేసే కుర్రాడు, ఒక నర్సు, ఇద్దరు ముసలి తాతలు. హీటర్ సరిగ్గా పనిచేయక అందరూ కోట్లు వేసుకునే కూర్చున్నారు. కండక్టరమ్మ జేబులోంచి ట్యూనింగ్ ఫోర్క్ తీసి మోకాలి మీద ఒక్కటి కొట్టింది, చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత నోరు మూసుకునే "మ్‌మ్" అంటూ నాలుగు వైపులకీ తిరిగి నాలుగు గుంపులకీ నాలుగు వేర్వేరు స్వరాలు పంచింది, గుళ్లో పూజారి వరసగా తీర్థం పోసినట్టు. పియానో మూలన ఉంది, దాని మీద టోపీలు పెట్టారు. చెయ్యి లేచింది. మొదటిసారి అక్కడే విన్నాను ఈ పాట, అసలు మాటలతో.

పాట అసలు పేరు షెద్రిక్. కూర్చినాయన మికోలా లియోంతోవిచ్. అందరూ ఆయన్ని కంపోజర్ అంటారు. మా ఓనరమ్మ మాత్రం ఎప్పుడూ "మా రీజెంట్" అనేది. అక్కడ చర్చి కోరస్ నడిపేవాళ్లని రీజెంట్ అంటారు. నా ప్రశ్న కూడా అదే. ఆయన కోరస్ నడిపిన మనిషిగా ఆ ప్రాంతానికి చేసిందేమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్తగాలి · డిసెంబర్ 2, రాత్రి 9:31

కండక్టర్ అంటే నాకు ఆర్టీసీయే గుర్తొస్తుంది 😀 సీరియస్‌గా అడుగుతున్నా, పాడేది వాళ్లు, రాసింది ఇంకొకరు. మధ్యలో చేతులు ఊపే ఆయన చేసేదేంటి?

చర్చి_బేస్ · డిసెంబర్ 2, రాత్రి 10:05

కొత్తగాలి తమ్ముడూ, గుంటూరులో మా చర్చి క్వయర్‌లో ఇరవై ఏళ్లుగా బేస్ (మగవాళ్లలో అన్నిటికన్నా కింది గొంతు) పాడుతున్నా, నేను చెప్తా. కచేరీ రోజు చేతులు ఊపడం పనిలో పదో వంతు. మిగతాదంతా ప్రాక్టీసులోనే. ఎవరి గొంతు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు అరుస్తున్నారు, ఏ అక్షరం అందరూ ఒకేసారి మూయాలి, ఊపిరి ఎక్కడ తీయాలి, ఇవన్నీ ఆయన చెవిలోంచే రావాలి.

ఊపిరి సంగతి ఒక్కటి చెప్తాను. పొడవైన స్వరం తెగకుండా నడవాలంటే అందరూ ఒకేసారి గాలి పీల్చకూడదు. నా పక్కవాడు పాడుతుండగా నేను దొంగచాటుగా పీల్చి మెల్లగా మళ్లీ కలుస్తా, తర్వాత వాడి వంతు. వినేవాళ్లకి అతుకు తెలియదు. ఉక్రెయిన్ వాళ్లు దీన్ని గొలుసు ఊపిరి అంటారని మా పాత క్వయర్ మాస్టారు చెప్పేవాడు. మా దగ్గర ఎనిమిది మందిలో నలుగురు ఒకేసారి పీలుస్తారు, పాట మధ్యలో గుంత పడుతుంది. ఆ గుంత పూడ్చేవాడే కండక్టర్.

ఇంకో తేడా కూడా ఉంది. మా తెలుగు క్రైస్తవ కీర్తనలు ఒకే వరస మీద నడుస్తాయి, రాగతాళాలతో. నాలుగు గొంతుల పద్ధతి ఇంగ్లిష్ హిమ్స్‌తో పాటు వచ్చింది, దానికి ఆర్గాన్ తోడు. ఆర్థడాక్స్ చర్చిలో ఆర్గానూ లేదు, ఏ వాయిద్యమూ లేదు. ఆరాధన మొత్తం గొంతులే మోయాలి. అందుకే అక్కడ చిన్న పల్లెలో కూడా శృతి పట్టగల మనిషి ఒకడు ఉండి తీరాలి.

పాతపుస్తకం · డిసెంబర్ 2, రాత్రి 11:48

చర్చి_బేస్ గారు చివర్లో అన్న ముక్క దగ్గర మొదలుపెడతాను. లియోంతోవిచ్ కథకి తాళంచెవి అదే.

1877 డిసెంబర్‌లో పొదిల్లియాలో, అంటే విన్నిత్స్యా, తుల్చిన్ ఉన్న ప్రాంతంలో, మొనాస్తిరోక్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఊరి పూజారి, ఇంట్లో అందరికీ సంగీతం వచ్చు. ఆర్థడాక్స్ పూజారులు పెళ్లి చేసుకుంటారు, కొడుకులు సాధారణంగా సెమినరీకే, అంటే పూజారుల బడికే వెళ్తారు. ఈయన కూడా కమ్యనెత్స్-పొదిల్‌స్కీ సెమినరీలో చదివాడు. అక్కడ కోరస్ నడిపే ఆయన చనిపోతే ఆ బాధ్యత ఈ విద్యార్థి చేతికే వచ్చింది. చదువు 1899లో అయిపోయింది. ఇంట్లోవాళ్లు పూజారి అవుతాడనుకుంటే ఈయన బడిపంతులు అయ్యాడు. మొదట చుకివ్ అనే పల్లె, తర్వాత తివ్రివ్, తర్వాత విన్నిత్స్యా. వెళ్లిన ప్రతి చోటా పిల్లల్ని, రైతుల్ని పోగుచేసి కోరస్ పెట్టాడు. చుకివ్‌లో పల్లె పిల్లలతో ఆర్కెస్ట్రా కూడా నడిపాడు.

అప్పటి పరిస్థితి తెలిస్తేనే ఇది ఎంత పనో అర్థమవుతుంది. 1876లో రష్యా జార్ ఒక రహస్య ఉత్తర్వు ఇచ్చాడు. ఉక్రేనియన్ భాషలో పుస్తకాలు అచ్చేయకూడదు, నాటకాలు ఆడకూడదు, సంగీత స్వరాల కింద ఆ భాష మాటలు కూడా అచ్చేయకూడదు. 1881లో కొంచెం సడలించారు, 1905 దాకా పూర్తిగా పోలేదు. అంటే ఈయన ఊళ్లలో పాటలు ఏరుకుంటూ తిరిగినప్పుడు, ఆ భాషలో చదువు చెప్పే బడి ఒక్కటి కూడా లేదు. పాటే బడి.

పాటల సంపుటాలు రెండు తెచ్చాడు, 1901లో ఒకటి, 1903లో ఒకటి. రెండోది చూసుకుని అసంతృప్తి పడి, మిగిలిన కాపీలన్నీ తనే కొనేసి నాశనం చేశాడని చెబుతారు. అచ్చయిన సొంత పుస్తకాన్ని డబ్బిచ్చి మాయం చేసే రచయితలు మన దగ్గర కూడా నలుగురు ఉంటే బాగుండు.

లెక్కలమాస్టారు · డిసెంబర్ 3, ఉదయం 6:40

పాతపుస్తకం గారు ఒక స్టేషన్ వదిలేశారు, నిజంగానే స్టేషన్. 1904లో ఆయన పీటర్స్‌బర్గ్ వెళ్లి అక్కడి రాజాస్థాన గాయక సంస్థలో పరీక్ష రాసి చర్చి రీజెంట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. తర్వాత తూర్పున దొనెత్స్ బొగ్గు గనుల వైపు హ్రిషినో అనే రైల్వే స్టేషన్‌లో, రైల్వే బడిలో పాటల మాస్టారుగా చేరాడు. అక్కడి కోరస్ మొత్తం రైలు కార్మికులు. 1905 విప్లవం రోజుల్లో ఆ కోరస్ కార్మికుల సభల్లో పాడింది. పోలీసుల కన్ను పడింది. 1908లో ఊరు మారి మళ్లీ పొదిల్లియా వచ్చేశాడు, ఈసారి తుల్చిన్‌కి.

మా నాన్న కాజీపేట రైల్వేలో పనిచేశాడు, అందుకే నాకు ఈ హ్రిషినో కథంటే ప్రాణం. షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి, చేతులకి గ్రీజు, వాడితో టెనర్ (మగవాళ్ల పై గొంతు) లైను పాడించడం అంటే మాటలా.

ఆ హ్రిషినో ఇప్పటి పొక్రొవ్‌స్క్. రెండేళ్లుగా యుద్ధ వార్తల్లో రోజూ వినిపించిన ఊరే. అక్కడ లియోంతోవిచ్ విగ్రహం ఉండేది. 2024లో ముందు వరస దగ్గరపడుతుంటే విగ్రహాన్ని పీఠం మీద నుంచి దించి వేరే చోటికి తరలించారు.

బుహ్_తీరం · డిసెంబర్ 3, ఉదయం 8:02

ఆ విగ్రహం సంగతి నాకు తెలియదు మాస్టారూ. మా ఓనరమ్మకి తెలిసే ఉంటుంది, ఎప్పుడూ అనలేదు.

తంబుర_శ్రుతి · డిసెంబర్ 3, ఉదయం 10:20

నేను కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని, నాకు అర్థమైన లెక్క చెప్తాను. షెద్రిక్ స్వరాలు రాసుకుని చూశాను. మొత్తం అస్థిపంజరం ఇదీ: గ రి గ స. సాధారణ గాంధారం, చతుశ్శ్రుతి రిషభం, షడ్జం. అంతే, మూడే స్వరాలు, నాలుగు దెబ్బలు. మూడు మాత్రల నడక, ఒక పొడవు, రెండు పొట్టి, మళ్లీ ఒక పొడవు. పాట అయిపోయేదాకా అదే తిరుగుతుంది.

మనవాళ్లకైతే ఇందులో రాగమే లేదు, విస్తరించడానికి చోటే లేదు. విస్తారం పక్కకి కాకుండా కిందికి, పైకి జరుగుతుంది. ఆ నాలుగు దెబ్బలు ఒక గొంతులో తిరుగుతుంటే, ఆల్టో కింద మెల్లగా మెట్లు దిగుతుంది, మగ గొంతులు చేరేసరికి అదే "గ రి గ స" కింద నేల మారిపోయి, విషాదంగా ఉన్నది కాస్తా పండగలా వినిపిస్తుంది. పాడే అమ్మాయి మాత్రం ఒక్క స్వరం కూడా మార్చలేదు! నాకు ఒళ్లు జలదరించింది.

అయితే ఇది కండక్టర్ గొప్పా, కంపోజర్ గొప్పా? నా అభిప్రాయంలో ఇది బల్ల దగ్గర కూర్చుని చేసిన రాత. కోరస్ నడిపాడు సరే, నడిపినవాళ్లు వందల మంది ఉండి ఉంటారు.

పాతపుస్తకం · డిసెంబర్ 3, మధ్యాహ్నం 1:15

తంబుర_శ్రుతి గారూ, మీ స్వరలెక్క చదివి ఇప్పుడే పాట మళ్లీ విన్నాను, థాంక్స్. తీర్పుతో మాత్రం ఒప్పుకోను.

తుల్చిన్‌లో ఆయన చేరింది చర్చివాళ్లు నడిపే ఆడపిల్లల బడి. ఎక్కువగా పల్లె పూజారుల కూతుళ్లు. 1908 నుంచి దాదాపు పదేళ్లు ఆయన చేతి కింద ఉన్న వాయిద్యం ఆ పిల్లల గొంతులే. ఇవాళ రాత్రి రాసింది రేపు పొద్దున వాళ్ల చేత పాడించి చూడొచ్చు. ఎక్కడ ఊపిరి అందడం లేదు, ఆల్టో పిల్లకి ఏ మలుపు చిక్కుపడుతోంది, వెంటనే తెలిసిపోతుంది. సాయంత్రం దిద్దుకోవచ్చు. షెద్రిక్‌నే ఏళ్ల తరబడి తిరగరాశాడు. చేతికింద కోరస్ లేనివాడు అలా దిద్దలేడు. మీరు పొగిడిన ఆ "మెట్లు" బడిపిల్లల గొంతుల మీద కట్టినవి. పైగా 1909 నుంచి సెలవుల్లో మాస్కోకి, కీవ్‌కి వెళ్లి బొలెస్లావ్ యావోర్స్కీ దగ్గర సంగీత శాస్త్రం నేర్చుకుని వచ్చేవాడు. ముప్పై దాటిన బడిపంతులు, పెళ్లాం పిల్లలు ఉన్నవాడు, రైలెక్కి పాఠానికి వెళ్లి మళ్లీ సోమవారం క్లాసుకి.

ఇక ప్రాంతానికి చేసిందేమిటి అన్న బుహ్_తీరం ప్రశ్న. ఆ బడిలో చదివిన పిల్లలు తర్వాత ఏమయ్యారు? చాలామంది పల్లెల్లో టీచర్లు, పూజారుల భార్యలు. అంటే ప్రతి ఏడాదీ కొంతమంది శృతి ఫోర్క్ పట్టడం తెలిసిన ఆడవాళ్లు పొదిల్లియా పల్లెలకి వెళ్లి కూర్చున్నారు. ఉక్రెయిన్ సంగీతకర్త లిసెంకో పిల్లల కోసం రాసిన చిన్న ఒపెరాని కూడా బడిలో వేయించాడాయన. ఒక మాస్టారు వంద పాటలు రాస్తే అవి పుస్తకంలో ఉంటాయి. పాడించగలిగేవాళ్లని తయారుచేస్తే ఊళ్లలో ఉంటాయి.

కొత్తగాలి · డిసెంబర్ 3, మధ్యాహ్నం 1:40

ఇప్పుడు అర్థమైంది సార్. ఆర్టీసీ జోకు వెనక్కి తీసుకుంటున్నా.

డాలస్_లలిత · డిసెంబర్ 3, రాత్రి 8:55

ఈ థ్రెడ్ నాకోసమే పెట్టినట్టుంది! మా అమ్మాయి ఏడో తరగతి, స్కూల్ కోరస్‌లో ఈ పాటే డిసెంబర్ 18న. ఆల్టోలో వేశారట, ఒకటే ఏడుపు. "అమ్మా, పాట వాళ్లది, నాది కాదు" అని. ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంటే నాకూ ఏం పాటో తెలియడం లేదు, పిచ్చి పట్టినట్టు అదే నాలుగు ముక్కలు, మధ్యలో కిందికి జారుడు. టెన్షన్‌తో నిన్న అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇంకోటి, ఇది యేసు పుట్టుక పాట కాదా? స్కూల్ కాగితంలో గంటలు, క్రిస్మస్ అని ఉంది. కోషిత్స్ అనే ఆయన రాశాడని కూడా ఎవరో వాట్సాప్‌లో పెట్టారు.

పాతపుస్తకం · డిసెంబర్ 3, రాత్రి 10:30

లలిత గారూ, మూడు ముడులు ఉన్నాయి, విప్పుదాం.

అసలు పాటలో గంటలు లేవు, యేసు పుట్టుక కూడా లేదు. అది కొత్త సంవత్సరం ముందు రాత్రి ఇంటింటికీ తిరిగి పాడే దీవెన పాట. ఒక పిట్ట ఎగిరొచ్చి ఇంటి యజమానిని బయటికి పిలుస్తుంది. వచ్చి నీ దొడ్డి చూసుకో, గొర్రెలు ఈనాయి, మంచి బేరం వస్తుంది, డబ్బుదేముంది ఊకతో సమానం, నీ ఇల్లాలు నల్ల కనుబొమల అందగత్తె, అని చెబుతుంది. ఆ పిట్ట లాస్తివ్కా. చూరు కింద మట్టి గూడు కట్టే చీలిక తోక పిట్ట, మనవాళ్లు వానకోవెల అంటారు. జనవరి మంచులో ఆ పిట్ట ఎక్కడిది అంటే, క్రైస్తవం రాకముందు వాళ్లకి కొత్త సంవత్సరం వసంతంలో ఉండేది, పాట అప్పటిది అంటారు.

గంటలు 1936లో వచ్చాయి. పీటర్ విల్‌హౌస్కీ అనే ఉక్రెయిన్ మూలాలున్న అమెరికన్ కోరస్ మాస్టారు ఈ ట్యూన్ వింటే గంటలు మోగినట్టుందని ఇంగ్లిష్ మాటలు కొత్తగా రాశాడు. అది అనువాదం కాదు, వేరే పాట.

ఒలెక్సాండర్ కోషిత్స్ రాయలేదు, పాడించాడు. 1916 చివర్లో కీవ్ యూనివర్సిటీ విద్యార్థుల కోరస్ చేత మొదటిసారి వేదిక మీద పాడించింది ఆయనే. లియోంతోవిచ్ పేరు తుల్చిన్ దాటి వినిపించింది ఆ రాత్రితోనే.

తంబుర_శ్రుతి · డిసెంబర్ 4, ఉదయం 9:10

పాతికేళ్లు హైదరాబాద్‌లో ఉన్నా, సంక్రాంతికి మా ఊరు వెళ్తే హరిదాసు తెల్లవారుజామున చిడతలు వాయిస్తూ వచ్చేవాడు, గంగిరెద్దు వాడు "అయ్యగారికి దండం పెట్టు" అనేవాడు. ఈ పిట్ట చేసే పని అదే కదా. వాళ్ల ఆ రాత్రి ఏ తేదీ?

బుహ్_తీరం · డిసెంబర్ 4, ఉదయం 9:25

జనవరి 13 మేడమ్! అచ్చం భోగి రోజుల్లోనే. నేనున్నప్పుడు అలాగే చేసేవాళ్లు. 2023లో అక్కడి చాలా చర్చిలు కొత్త క్యాలెండర్‌కి మారాయి కాబట్టి ఇప్పుడు డిసెంబర్ 31కి జరిగింది. ఓనరమ్మ మాత్రం రెండుసార్లూ పాడుతున్నానంది.

లెక్కలమాస్టారు · డిసెంబర్ 4, సాయంత్రం 5:30

ఇక్కడ నేను కోషిత్స్ తరఫున వకాలత్ పుచ్చుకుంటా. అందరూ తుల్చిన్ మాస్టారిని ఆకాశానికెత్తుతున్నారు, బాగుంది. కోషిత్స్ లేకపోతే ఈ థ్రెడ్ ఉండేదా?

1919 జనవరిలో కీవ్‌లో కొత్త ఉక్రెయిన్ రిపబ్లిక్ ఊపిరి తీసుకోవడానికే ఇబ్బంది పడుతోంది. నాలుగు వైపులా సైన్యాలు. ఆ సమయంలో ఆ దేశ నాయకుడు పెత్ల్యూరా చేసిన పనుల్లో ఒకటి కోరస్‌ని విదేశాలకి పంపడం. మాకో దేశం ఉంది, మాకో భాష ఉంది అని యూరప్‌కి చెప్పడానికి రాయబారుల బదులు గాయకులు. కోషిత్స్, కిరిలో స్తెత్సెంకో కలిసి బృందాన్ని కూర్చారు. మేలో ప్రాగ్‌లో మొదటి కచేరీ. తర్వాత వియన్నా, పారిస్, లండన్ ఇలా. వాళ్లు వెళ్తుండగానే వెనక దేశం చేజారిపోయింది. 1922 అక్టోబర్ 5న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో షెద్రిక్ పాడేసరికి వాళ్లని పంపిన ప్రభుత్వమే లేదు. కోషిత్స్ మళ్లీ ఇంటికి రాలేదు. 1944లో కెనడాలో విన్నిపెగ్‌లో పోయాడు. అక్కడి ఉక్రెయిన్ వలసదారుల కోరస్ ఒకటి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

ఊరి పాటకి ఊళ్లో మాస్టారు ఉంటే సరిపోదు, ప్రపంచం ముందు నిలబెట్టే కండక్టర్ కావాలి. కోషిత్స్ కూడా కుబాన్ ప్రాంతంలో కొసాక్కుల ఊళ్లు తిరిగి వందల పాటలు ఏరినవాడే, ఊరు తెలియనివాడేం కాదు.

చర్చి_బేస్ · డిసెంబర్ 4, సాయంత్రం 6:12

మాస్టారూ, కోషిత్స్‌కి దండం. మీరు ఆయన్ని ప్రపంచం లెక్కలో గెలిపించారు. ప్రశ్న ప్రాంతం గురించి. ఆ కచేరీ బృందం యూరప్‌లో తిరుగుతుంటే తుల్చిన్‌లో ఎవరున్నారు?

లెక్కలమాస్టారు · డిసెంబర్ 4, సాయంత్రం 6:20

ఆ బృందం పాడిన షెద్రిక్ ఎక్కడిదో చూడండి సార్. తుల్చిన్ నుంచే. నేనూ అదే అంటున్నా, ఒకరు లేకుండా ఇంకొకరు లేరు. కానీ వేదిక దొరక్కపోతే తుల్చిన్ తుల్చిన్‌గానే మిగిలేది.

చర్చి_బేస్ · డిసెంబర్ 4, సాయంత్రం 6:31

తుల్చిన్ తుల్చిన్‌గా మిగిలితే తప్పేంటి? మా గుంటూరు మాస్టారు పేరు మీలో ఎవరికీ తెలియదు. నాకు బేస్ లైను ఆయనే నేర్పాడు.

పాతపుస్తకం · డిసెంబర్ 5, రాత్రి 12:10

మీరిద్దరూ కొట్టుకోండి, నేను మధ్యలో మూడో మనిషిని దించుతా. లెక్కలమాస్టారు పేరు చెప్పి వదిలేసిన స్తెత్సెంకో. ఈయన కూడా పొదిల్లియాలో ఏళ్ల తరబడి ఒక పల్లె పూజారి. 1920లో ఒక తిరుగుడు కోరస్ పెట్టుకుని అంతర్యుద్ధం మధ్యలో ఊరూరూ పాడుతూ వెళ్లాడు. ఆ ప్రయాణంలో కవి పావ్లో తిచినా వాళ్లతో ఉండి డైరీ రాసుకున్నాడు. ఆ బృందం తుల్చిన్‌కీ వచ్చింది. లియోంతోవిచ్ అప్పుడు అక్కడే ఉన్నాడు.

ఎందుకు అక్కడున్నాడంటే, మధ్యలో కీవ్ వెళ్లొచ్చాడు. 1917 విప్లవం తర్వాత కీవ్‌లో లిసెంకో పేరున్న సంగీత నాటక సంస్థలో పాఠాలు చెప్పాడు, కోరస్‌లు నడిపాడు. 1919 వసంతంలో తన చర్చి ఆరాధన సంగీతాన్ని ఉక్రేనియన్ భాషలో కీవ్‌లో తనే నడిపించి వినిపించాడు. అంతకుముందు ఆ ఆరాధన పాత చర్చి భాషలోనే జరిగేది. ఆగస్టులో బోల్షెవిక్‌లతో పోరాడుతున్న రష్యన్ జనరల్ దెనికిన్ సైన్యం కీవ్‌లోకి వచ్చింది. ఉక్రెయిన్‌వాదులకి ప్రాణగండం. కాలినడకన తుల్చిన్ వెళ్లిపోయాడు. ఇంటికి చేరి ఏం చేశాడు? ఊళ్లో సంగీత బడి పెట్టాడు. ఒక ఒపెరా మొదలుపెట్టాడు, పూర్తికాలేదు.

1921 జనవరి 22 రాత్రి మార్కివ్కా అనే పల్లెలో తల్లిదండ్రుల ఇంట్లో ఉన్నాడు. ఒక అపరిచితుడు వచ్చి రాత్రికి చోటు అడిగాడు. ఇచ్చారు, అదే గదిలో. తెల్లవారుజామున వాడు తుపాకీతో కాల్చి ఇంట్లో దొరికింది దోచుకుని పోయాడు. వాడు అఫనాసీ గ్రిషెంకో, బోల్షెవిక్ రహస్య పోలీసు చెకా మనిషి. ఈ సంగతి సోవియట్ కాలమంతా బయటికి రాలేదు. దొంగల పని అనే పుస్తకాల్లో ఉండేది. చెకా మనిషని రాసిన పాత పోలీసు నివేదిక 1990లలో వెలుగులోకి వచ్చింది. చనిపోయేనాటికి ఆయన వయసు 43.

బుహ్_తీరం · డిసెంబర్ 5, ఉదయం 7:50

మార్కివ్కా వెళ్లాను నేను. సమాధి, చిన్న మ్యూజియం. మ్యూజియం ఆవిడ తాళం తీసి చూపించి, బయటికి వస్తుంటే ఆపిల్స్ చేతిలో పెట్టింది. ఏం మాట్లాడాలో తెలియక "ద్యాకుయు", అంటే థాంక్స్, అన్నాను. నాకు వచ్చిన పది మాటల్లో అదొకటి.

ఆయన పోయిన తొమ్మిదో రోజు కీవ్‌లో సంగీతకారులు, విద్యార్థులు గుమిగూడి స్మారక సంఘం పెట్టారు. అదే తర్వాత లియోంతోవిచ్ సంగీత సమాజం అయ్యింది, ఊళ్లలో కోరస్‌లు పెట్టించింది. 1928లో దాన్ని మూసేశారు.

తంబుర_శ్రుతి · డిసెంబర్ 5, ఉదయం 11:05

నేను నా మాట సగం మార్చుకుంటున్నా. బల్ల దగ్గర రాత కాదు, సరే. కానీ ఒక అనుమానం. పల్లెలో ఆడవాళ్లు పొలం గట్టున గొంతు చించుకుని పాడే పాటకీ, ఈ నాలుగు గొంతుల నున్నటి పాటకీ ఎంత దూరం? మన జానపదాన్ని రేడియో బృందగానంలో పెట్టినప్పుడు మట్టివాసన పోయిందని గొడవ పడేవాళ్లం కదా. అక్కడా అదే జరగలేదా? తర్వాత సోవియట్‌లో ప్రభుత్వ జానపద కోరస్‌లు వచ్చాయి, యూనిఫాం లాంటి పట్టుబట్టలు, ఒకే నవ్వు. 1943లో వెర్యోవ్కా అనే సంగీతకర్త పెట్టినది అలాంటిదే కదా.

పాతపుస్తకం · డిసెంబర్ 5, మధ్యాహ్నం 3:00

జరిగింది. వెర్యోవ్కా కోరస్ వీడియోలు చూస్తే మీకున్న చిరాకే నాకూ వస్తుంది, కొన్నిసార్లు. అయినా దాన్ని 1966 నుంచి అర్ధ శతాబ్దం నడిపిన అనతోలీ అవ్‌దియెవ్‌స్కీ అంతకుముందు జితోమిర్, చెర్కాసీల్లో జిల్లా స్థాయి కోరస్‌లతో చేసిన పని వేరు. ఇంకెప్పుడైనా రాస్తా.

లియోంతోవిచ్ విషయంలో నాకు అనిపించేది ఒకటుంది. ఆయన పాటని నున్నగా చేయలేదు, అసలు వరసని ముట్టుకోలేదు. మీరే చెప్పారు, పై గొంతు ఒక్క స్వరం మార్చలేదని. "దుదారిక్" వినండి, బ్యాగ్‌పైప్ తాత పోయాడు, వాయిద్యం మిగిలింది అని పాడే పాట. మగ గొంతులు ఆ వాయిద్యం గుయ్యిమని మోగినట్టు పట్టుకుని ఉంటాయి. అది పల్లె మనిషి చెవిలో ఉన్న శబ్దమే.

చర్చి_బేస్ · డిసెంబర్ 5, రాత్రి 9:40

లలిత గారూ, చర్చ ఎటో పోయింది, పాప సంగతి ఏమైంది? ఒక చిట్కా చెప్తా. పాపని ఒంటరిగా ప్రాక్టీస్ చేయనివ్వకండి. మీరు "గ రి గ స" ఆపకుండా పాడుతూ ఉండండి, తంబుర_శ్రుతి గారు రాసినట్టే. పాప తన లైను పాడాలి. తన మెట్టు దిగినప్పుడల్లా మీ స్వరం రంగు మారడం పాప చెవికి తెలియాలి. ఆల్టో కదలకపోతే పై గొంతు సోప్రానో ఎంత పాడినా ట్రాఫిక్ హారనే. రెండో సంగతి, స్పీడు. స్కూళ్లలో పరిగెత్తిస్తారు. ఇంట్లో సగం వేగంలో.

డాలస్_లలిత · డిసెంబర్ 19, ఉదయం 6:15

అయిపోయింది అండీ! రెండు వారాలు నేను వంటింట్లో గ రి గ స, తను డైనింగ్ టేబుల్ దగ్గర ఆల్టో. మా ఆయన హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాడు. కచేరీలో ఒక్కచోట తొందరపడ్డారు, మిగతా అంతా బాగుంది. వాళ్ల టీచర్‌కి మాట చెప్తే ప్రోగ్రాం కాగితంలో విల్‌హౌస్కీ పక్కన లియోంతోవిచ్ పేరు కూడా వేసింది. వీడియో మెంబర్స్ ఫోల్డర్‌లో పెట్టాను. బుహ్_తీరం బాబూ, మీ ఓనరమ్మ గారికి పంపుతావా?

బుహ్_తీరం · డిసెంబర్ 19, రాత్రి 10:02

పంపాను అక్కా. అక్కడ కరెంటు వచ్చాక చూసి ఇప్పుడే వాయిస్ మెసేజ్ పెట్టింది. పిల్లలు ముద్దుగా ఉన్నారంది, గంటల మాటలు నచ్చలేదంది, మీ పాప ఏ వరసలో ఉందని అడిగింది. మొత్తం ఆల్టోలు ఎంతమందని కూడా అడిగింది.

డాలస్_లలిత · డిసెంబర్ 19, రాత్రి 10:20

రెండో వరస, ఎడమ నుంచి మూడో అమ్మాయి, ఆకుపచ్చ రిబ్బన్. ఆల్టోలు తొమ్మిది మంది.